నాలుగున్నర కాదు, నాలుగు

మా పిన్ని పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పేది. మా అమ్మకు సొంత చెల్లెలు. ఇంట్లో ఆమెను అందరూ "బిగింపు" అని పిలిచేవాళ్ళు. ఆ పేరు పెట్టింది మా అమ్మమ్మ. అమ్మమ్మ ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. కొలతలు తీసేటప్పుడు కూతుళ్ళిద్దరూ పక్కన నిలబడేవాళ్ళు. మా అమ్మ చెప్పిన అంకె చెప్పినట్టు రాసుకునేది. పిన్ని మాత్రం టేపు వదిలేది కాదు. "ఇక్కడ ఇంకో అరవేలు బిగించొచ్చమ్మా" అనేది. "వాళ్ళు ఊపిరి పీల్చుకోవద్దటే?" అని అమ్మమ్మ పళ్ళ మధ్య సూది పట్టుకునే నవ్వేది.

లెక్కల్లోనూ పిన్నిది అదే వరస. ఫలానా రాశి సున్నా కంటే తక్కువ కాదని నిరూపించమంటే తతిమ్మా పిల్లలు నిరూపించి పెన్ను మూసేసేవాళ్ళు. పిన్నికి అక్కడ ఆకలి మొదలయ్యేది. తక్కువ కాదు సరే, ఎంత ఎక్కువ? ఎప్పుడూ ఎంతో కొంత మిగులుతుంటే ఆ మిగులు కనీసం ఎంతని చెప్పలేమా? చెప్పిన అంకెను ఇంకొంచెం పెంచలేమా? ఇక పెంచలేమన్న చోటుకు చేరేదాకా ఆమెకు నిద్ర పట్టేది కాదు. పరిశోధనలో చేరింది కూడా. దారి చూపే ప్రొఫెసరుగారు మధ్యలో వేరే విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. కొత్తగా వచ్చినాయన ఈ అసమానతల పనంతా పాతబడిపోయిందని, విషయం మార్చుకోమని అన్నాడు. పిన్ని విషయం మార్చుకోలేదు, చోటు మార్చుకుంది. పాలిటెక్నిక్‌లో ఉద్యోగం చూసుకుంది.

ఆస్పత్రిలో ఎక్స్-రేలు తీసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయనే మా బాబాయి. మాటకారి కాదు, మంచివాడు. వాళ్ళు పై వాటాలో, మేము కింది వాటాలో ఉండేవాళ్ళం. మా నాన్న డిగ్రీ కాలేజీలో లెక్కల అధ్యాపకుడు. ఇక ఆ ఇంట్లో మెట్ల మీద జరిగే సంభాషణలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు. బావగారు కిందినుంచి ఒక ప్రశ్న విసిరితే మరదలు పైనుంచి జవాబు విసిరేది. మధ్య మెట్టు మీద కూరగాయలు తరుగుతూ కూర్చునే మా అమ్మ, "నా నెత్తి మీదుగా విసురుకోకండి" అని కసిరేది.

పిన్నికి కాగితం మీద ఆలోచించడం చేతకాదు. పడకగదిలో ఒక ఇనప బీరువా ఉండేది. దాని తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసేది. తలుపు వేసినప్పుడల్లా వేలాడే చొక్కాలకు ఆ సుద్ద అంటుకునేది. బాబాయి వీపు మీద సగం వర్గమూలంతో ఆస్పత్రికి వెళ్ళిన రోజులు ఉన్నాయి. "డాక్టరుగారు నా వీపు చూసి నవ్వారు, ఏమిటో చెప్పవా?" అని సాయంత్రం అడిగేవాడు. "అది ఇంకా పూర్తి కాలేదండీ" అనేది పిన్ని.

ఒకసారి లెక్కల పత్రికలో ఒక సమస్య వచ్చింది. మూడు ధన సంఖ్యలు గుండ్రంగా నిలబడ్డాయనుకోండి. ప్రతి సంఖ్యనూ దానితోనే గుణించి, దాని తర్వాత నిలబడ్డ సంఖ్యతో భాగించాలి. మూడో దాని తర్వాత మళ్ళీ మొదటిదే వస్తుంది. అలా వచ్చిన మూడింటినీ కూడితే, ఆ కూడిక అసలు మూడు సంఖ్యల మొత్తం కంటే ఎప్పుడూ తగ్గదు. నాలుగు, రెండు, నాలుగు తీసుకుంటే ఎనిమిది, ఒకటి, నాలుగు వస్తాయి, కూడితే పదమూడు. అసలు మొత్తం పది. మూడు మిగిలింది. ఆ మిగులు కనీసం ఇంత ఉంటుందని పత్రికవాళ్ళు ఒక కొలత ఇచ్చారు. మొదటి రెండు సంఖ్యల తేడాకు వర్గం చేసి మొత్తంతో భాగించమన్నారు. పై లెక్కలో అది సున్నా పాయింటు నాలుగు.

పిన్ని బస్సు దిగి ఇంటికి నడుస్తూనే ఆ సమస్య తేల్చేసింది. మెట్లెక్కకుండానే మా నాన్నను పిలిచింది.

"బావగారూ, ఇంత వదులుగా ఎవరైనా కుడతారా? ఉన్నది మూడు, వీళ్ళు సున్నా పాయింటు నాలుగుతో సరిపెట్టుకున్నారు."

"అన్ని సంఖ్యలకూ సరిపోవాలి కదమ్మాయ్. ఎక్కడో ఇరుగ్గా ఉంటుంది, అందుకే వదిలిపెట్టుంటారు" అన్నాడు నాన్న.

"ఆ ఇరుకు ఎక్కడుందో చూస్తాను" అని పైకి వెళ్ళిపోయింది.

పత్రిక చెప్పిన కొలతకు ఎన్ని రెట్లు మిగులు ఖాయంగా ఉంటుంది? రెండు రెట్లా? మూడా? పిన్ని వెతుకులాట అంతా ఆ ఒక్క అంకె కోసం. మూడు సంఖ్యలూ దూరదూరంగా ఉంటే మిగులు బోలెడు. దగ్గరగా వచ్చేకొద్దీ తగ్గుతుంది. నూటరెండు, నూరు, నూటొకటి పెట్టి చూస్తే నాలుగున్నర రెట్ల కంటే ఇసుమంత ఎక్కువ తేలింది. ఇంకా దగ్గరకు జరిపితే ఆ ఇసుమంత కూడా కరిగిపోయింది. కానీ నాలుగున్నర కిందికి మాత్రం దిగలేదు. పిన్నికి ప్రాణం లేచొచ్చింది. కొన్ని వారాలు బీరువా తలుపుతో కుస్తీ పట్టి నిరూపణ కూడా సాధించింది. ఎవరికీ చెప్పలేదు. ఏటా జరిగే లెక్కల అధ్యాపకుల సమావేశంలో బావగారిని ఆశ్చర్యపరచాలని ఆమె సరదా.

ఆ సమావేశానికి మేమంతా వెళ్ళాం. పొడుగాటి హాలు, గోడకు పెద్ద నల్లబల్ల, కదిలితే కిర్రుమనే కుర్చీలు. పిన్ని కొత్త చీర కట్టుకుని బల్ల ముందు నిలబడింది. "మొదటి సంఖ్య రెండోదాని కంటే పెద్దదనుకుందాం. ఇలా అనుకోవడం వల్ల మనకు పోయేదేం లేదు" అని మొదలుపెట్టి, గడగడా మెట్టు మీద మెట్టు పేర్చుకుంటూ నాలుగున్నర దగ్గర ఆగింది. కింద గీత గీసింది. చప్పట్లు మొదలయ్యాయి.

మా నాన్న మాత్రం చప్పట్లు కొట్టలేదు. జేబులోంచి క్యాలిక్యులేటర్ తీసి ఏదో నొక్కుతున్నాడు. ఒకసారి నొక్కి, నమ్మకం కుదరక మళ్ళీ నొక్కాడు. తర్వాత మెల్లగా చెయ్యెత్తాడు.

"రెండు, ఐదు, మూడు. ఇదే వరసలో పెట్టి చూడమ్మా" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత ఇబ్బందిపడ్డాడో పక్కనే కూర్చున్న నాకు తెలుసు.

పిన్ని బల్ల మీద లెక్క కట్టింది. మిగులు మూడు పాయింటు ఆరు మూడు. పత్రిక కొలత సున్నా పాయింటు తొమ్మిది. భాగిస్తే నాలుగు పాయింటు సున్నా నాలుగు కూడా పూర్తిగా లేదు. నాలుగున్నర ఎక్కడ, ఇదెక్కడ?

తప్పు ఎక్కడుందో అందరికంటే ముందు పిన్నికే తెలిసింది. మూడు సంఖ్యలు గుండ్రంగా నిలబడ్డప్పుడు వరస మార్చితే కథ మారుతుంది. మొదటిది పెద్దదనుకోవడం వేరు, రెండోది పెద్దదనుకోవడం వేరు. పోయేదేం లేదని చెప్పిన చోటే అంతా పోయింది. సుద్దముక్క బల్ల అంచున పెట్టి, "క్షమించాలి, ఇది తప్పు" అని చెప్పి దిగి వచ్చేసింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మా అమ్మ చెవిన పడింది.

ఇంటికొచ్చాక అమ్మ అగ్గి మీద గుగ్గిలం అయింది.

"మీకేం పోయేకాలమండీ? సొంత మరదల్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీస్తారా? ఇంటికొచ్చాక చెబితే నోరు పడిపోతుందా?"

"నేను ఊరుకుంటే వచ్చే నెల ఇంకెవరో అది తప్పని పత్రికలో అచ్చేస్తారు. అప్పుడు తల ఎక్కడ పెట్టుకుంటుంది?" అన్నాడు నాన్న.

"మీ తల సంగతి ముందు చూసుకోండి" అంది అమ్మ. ఆ తర్వాత చాలా రోజులు నాన్న ముందు కంచం పెట్టిన ప్రతిసారీ ఆ చప్పుడు వీధి చివరి వరకు వినిపించేది.

పైన పిన్ని తడిగుడ్డతో బీరువా తలుపు తుడిచేసింది. కాలేజీకి వెళ్ళేది, పాఠం చెప్పేది, వచ్చేది. మెట్ల మీద సంభాషణలు లేవు. సుద్ద మరకల్లేని చొక్కాలతో ఆస్పత్రికి వెళ్తున్న బాబాయికి దిగులు పట్టుకుంది. ఒక ఆదివారం ఉదయం ఆయన కిందికి దిగొచ్చి మా నాన్న పక్కన కూర్చున్నాడు.

"అన్నయ్యా, మీరే ఏదో ఒకటి చెయ్యాలి. ఇల్లు బావురుమంటోంది" అన్నాడు.

నాన్న మెట్లెక్కి వెళ్ళాడు. ఉండబట్టలేక నేనూ వెనకే వెళ్ళాను. పిన్ని బట్టలు మడతపెడుతోంది.

"అమ్మాయ్, నీ నిరూపణ మొత్తం మళ్ళీ చదివాను. అందులో ఒక్క వాక్యమే తప్పు" అన్నాడు.

"ఆ ఒక్క వాక్యం మీదే కదా బావగారూ ఇల్లంతా కట్టాను?"

"సగం ఇల్లు నిలబడే ఉంది. మొదటిది పెద్దదైతే నాలుగున్నర ముమ్మాటికీ నిజం. దాన్ని నేను కూలగొట్టలేకపోయాను, ప్రయత్నించాను కూడా. మిగతా సగం నువ్వు కట్టకపోతే ఇంకెవరు కడతారు?"

పిన్ని చేతిలోని దుప్పటిని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. నాన్న లేచి తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచింది.

"రెండు, ఐదు, మూడు మీకెలా తట్టాయి?"

"ఊరికే. నోటికొచ్చినవి పెట్టాను."

"రెండూ మూడూ కలిస్తే ఐదు" అంది పిన్ని. ఆ గొంతు మారింది. "మూడు, ఎనిమిది, ఐదు పెడితే?"

నాన్న క్యాలిక్యులేటర్ తీశాడు. నాలుగు పాయింటు సున్నా సున్నా ఐదు. ఐదు, పదమూడు, ఎనిమిది పెట్టారు. నాలుగు మీద వెయ్యో వంతు కూడా లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత కిందికి దిగినా నాలుగు దగ్గర ఏదో గట్టి నేల తగులుతోంది. పిన్ని దుప్పటి మంచం మీద పడేసి బీరువా తెరిచింది. కింద వంటింట్లో ఉన్న మా అమ్మకు ఆ ఇనప తలుపు చప్పుడు వినిపించింది. ఆ మధ్యాహ్నం నాన్న కంచం చప్పుడు చెయ్యలేదు.

నాలుగు నిజమని అనిపించడం ఒకటి, నిరూపించడం ఒకటి. ఈసారి పిన్ని తొందరపడలేదు. మిగులును మూడు ముక్కలుగా విడదీసింది. పక్కపక్క సంఖ్యల తేడాకు వర్గం చేసి, రెండోదానితో భాగిస్తే ఒక్కో ముక్క వస్తుంది. ఆ మూడు ముక్కల్నీ ఒక్కటిగా కలపడానికి డిగ్రీలో చెప్పే పాత అసమానత ఒకటి సరిపోయింది. మూడు తేడాల్నీ కూడి, ఆ కూడికకు వర్గం చేసి, మొత్తంతో భాగిస్తే వచ్చేదాని కంటే మిగులు తగ్గదు. అక్కడిదాకా బాగానే ఉంది. అక్కడ బండి ఆగిపోయింది. ఆ మూడు తేడాల కూడిక కనీసం ఎంత?

జవాబు ఆమెకు బస్సులో దొరికింది. కాలేజీ నుంచి వస్తూ కిటికీ పక్కన కూర్చుని, అద్దం మీద వేలితో మూడు చుక్కలు పెట్టి చూస్తోంది. దిగాల్సిన చోటు దాటిపోయింది. చివరి స్టాపులో అందరూ దిగాక కండక్టరు వచ్చి భుజం దగ్గర టికెట్ల పెట్టె టకటకలాడించాడు.

"అమ్మా, ఎక్కడ దిగాలి మీరు?"

పిన్ని చెప్పింది.

"అదెప్పుడో పోయిందమ్మా. ఇప్పుడు వెనక్కి రావాలి. వచ్చేదానికి ఇంకో టికెట్టు తీసుకోవాలి మరి. వెళ్ళడానికి ఎంతో, రావడానికీ అంతే."

పిన్ని చిల్లర తీయబోయి ఆగిపోయింది. నోరు తెరిచి అద్దం మీది చుక్కల్ని చూసింది. మూడు సంఖ్యలూ ఒకే రోడ్డు మీది మూడు స్టాపులు. మొదటి నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, మళ్ళీ మొదటిదానికి. బయల్దేరిన చోటికే వచ్చేశాం! మధ్యలో ఎక్కడ ఆగితే ఏమిటి? మొదటిదాని నుంచి రెండోదానికి వెళ్ళి తిరిగి వచ్చామంటే, ఆ రెండింటి మధ్య దూరానికి రెట్టింపైనా తిరిగినట్టే. రెట్టింపుకు వర్గం చేస్తే నాలుగు రెట్లు.

"నాలుగు!" అని అరిచింది.

"నాలుగెందుకమ్మా, మీరొక్కరే కదా? ఒకటి చాలు" అన్నాడు కండక్టరు.

పిన్ని పొట్ట పట్టుకుని నవ్విందట. ఇంటికొచ్చి చెబుతూ కూడా మాట పూర్తి చెయ్యలేక రెండుసార్లు ఆగింది.

ఈసారి దాచిపెట్టలేదు. నాన్నను పైకి పిలిచి బీరువా ముందు కుర్చీ వేసింది. "పగలగొట్టండి బావగారూ" అంది. నాన్న ప్రతి గీతనూ తడిమి తడిమి చూశాడు. పెద్దా చిన్నా తారుమారు చేశాడు, రెండు సమానం చేశాడు, ఒకటి సున్నాకు దగ్గరగా తోశాడు. ఎక్కడా ఫలానాది పెద్దదనుకుందామనే మాటే లేదు, కాబట్టి ఆ చోట పడడానికీ వీల్లేదు. చివరికి క్యాలిక్యులేటర్ జేబులో పెట్టేసుకుని, "నా వల్ల కాదు తల్లీ" అన్నాడు. అలా ఓడిపోయి ఆయన అంత సంతోషపడడం నేను అంతకుముందు చూడలేదు.

మరుసటి ఏడాది సమావేశానికి మళ్ళీ అదే హాలు. పిన్ని పేరు చదవగానే వెనక వరసలో గుసగుసలు వినిపించాయి. ఆమె వాటిని పట్టించుకోలేదు.

"పోయినసారి ఇక్కడ నిలబడి నాలుగున్నర అని చెప్పాను. మా బావగారు అది తప్పని చూపించారు. ఆయనకు నా కృతజ్ఞతలు. ఇప్పుడు అసలు అంకె చెబుతాను."

ముందు వరసలో మా నాన్న మెడ వంచుకున్నాడు. అమ్మ మోచేత్తో పొడిచి, "తలెత్తండి, మిమ్మల్నే పొగుడుతోంది" అంది.

నిరూపణ బల్లలో సగం కూడా పట్టలేదు. మూడు స్టాపుల దగ్గరికి వచ్చేసరికి హాల్లో ఒక్కొక్కరి మొహమూ వెలగడం నేను చూశాను. అధ్యక్షత వహించిన పెద్దాయన మాత్రం ఆచితూచి అడిగారు.

"నాలుగు నిలబడింది, ఒప్పుకున్నాం. నాలుగు మీద ఇంకొక్క రవ్వ పెంచలేమని ఏమిటి నమ్మకం?"

ఆ ప్రశ్న కోసమే కాచుకుని కూర్చుంది పిన్ని. "పెంచలేమండీ. సరిగ్గా నాలుగే వచ్చే చోటు నా దగ్గరుంది" అని మూడు సంఖ్యలు రాసింది. చిన్నది ఒకటి. తర్వాతది పెద్దది. ఆఖరిది మధ్యస్థం. చిన్నదీ మధ్యదీ కలిస్తే పెద్దది కావాలి, పెద్దదానికీ మధ్యదానికీ ఉన్న నిష్పత్తే మధ్యదానికీ చిన్నదానికీ ఉండాలి. స్వర్ణ నిష్పత్తి అని అందరూ ఎరిగినదే. మా నాన్న నోటికొచ్చినట్టు పెట్టిన రెండు, ఐదు, మూడు దాని చుట్టుపక్కలే తచ్చాడాయి. పిన్ని లెక్క కట్టుకుంటూ పోయింది. వర్గమూలాలన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. మిగులు సరిగ్గా రెండు. పత్రిక కొలత సరిగ్గా అర. రెండుకూ అరకూ మధ్య నాలుగు రెట్లు, వెంట్రుకవాసి తేడా లేదు.

హాలు హోరెత్తింది. ఆ హోరులోనే వెనక వరస నుంచి ఒకాయన లేచాడు. పోయినసారి కిసుక్కున నవ్వింది ఆయనేనని మా అమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

"మూడు సంఖ్యల సంగతి బాగుందండీ. ముప్పై ఉంటే?"

ముప్పై గురించి పిన్ని ఎప్పుడూ ఆలోచించలేదని నాన్నకు తెలుసు. పిన్ని బల్ల వైపు తిరిగి వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయింది. హాలు వైపు తిరిగేసరికి ఆ మొహం మెరిసిపోతోంది.

"ముప్పై స్టాపులున్నా వెళ్ళినవాళ్ళు తిరిగి రావాలి కదండీ! రెట్టింపు రెట్టింపే. నాలుగు నాలుగే."

"అక్కడా సరిగ్గా నాలుగు వస్తుందా?" అన్నారు అధ్యక్షులవారు. ఆయన అప్పటికే కుర్చీలోంచి సగం లేచి ఉన్నారు.

పిన్ని అక్కడికక్కడే కట్టడం మొదలుపెట్టింది. ఒక్క గెంతులో అడుగు నుంచి శిఖరానికి ఎక్కాలి, ఆ తర్వాత ఒకే నిష్పత్తిలో మెట్టు మెట్టుగా దిగి బయల్దేరిన చోటికి రావాలి. అలాంటి నిష్పత్తి ఉందా? నిష్పత్తి మారేకొద్దీ దిగి ఎక్కడికి చేరతామో చూపే ఒక వంపు గీత గీసింది. ఒకటి వస్తే బయల్దేరిన చోటికే చేరినట్టు. అది ఒకటి దగ్గర మొదలై పైకి లేచి, చివరికి సున్నాకు పడుతుంది. "పడేటప్పుడు మళ్ళీ ఒకటిని దాటకుండా ఎలా పడుతుంది? ఆ దాటిన చోటే మనకు కావలసిన నిష్పత్తి" అంది. సంఖ్యలు రెండే ఉంటే మాత్రం ఆ గీత పైకి లేవనే లేవదు, అక్కడ నాలుగుకు ఎంత దగ్గరకైనా వెళ్ళొచ్చు గాని అందుకోలేం. మూడు మొదలుకొని ఎన్ని ఉన్నా నాలుగు అందుతుంది.

సుద్దముక్క విరిగిపోయింది. చిన్న ముక్కతోనే ఆఖరి గీత గీసి ఇటు తిరిగేసరికి హాలంతా లేచి నిలబడి ఉంది. ముప్పై గురించి అడిగినాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. మా నాన్న ఈలేశాడు. డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, నెరిసిన జుట్టు, వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల! అమ్మ ఆయన్ని ఆపలేదు. బాబాయికి ఒక్క ముక్కా అర్థం కాలేదు, అయినా పక్కవాళ్ళందరికీ "మా ఆవిడండీ" అని చెప్పుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పిన్ని కాలేజీకి వెళ్ళేసరికి పిల్లలు తలుపు దగ్గరే కాపు వేశారు. సంగతి వాళ్ళ దాకా పాకిపోయింది. "మేడమ్, పాఠం రేపు. ఈ రోజు అది చెప్పండి" అని పట్టుపట్టారు. పిన్ని చెప్పింది. పక్క క్లాసు పిల్లలొచ్చి గోడ వెంట నిలబడ్డారు, వాళ్ళ వెనకాల వాళ్ళ మాస్టారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు. గొంతు బొంగురుపోయేదాకా, గీత గీతకూ నవ్వుతూ, మొదటినుంచి మళ్ళీ చెప్పింది.